యూనియన్ హాల్లో మేం నవ్విన ఆదివారం

పోయిన నెలలో ఒక శనివారం మధ్యాహ్నం మా మనవరాలు సాహితి నన్ను సినిమాకి తీసుకెళ్ళింది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, ద్వారకా నగర్‌లో కోచింగు. ఆ పక్కనే ఉన్న మాల్లో ఏదో విదేశీ సినిమా ఆడుతోందనీ, యుద్ధం ఎంత ఘోరమో ఉన్నదున్నట్టు చూపించారనీ, ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా పిల్లలకు శాంతి పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నేను చూసి తీరాలనీ వారం రోజులు పోరింది. కూర్మన్నపాలెంలో మా అమ్మాయి ఇంటి నుంచి ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. సినిమా కథ ఇక్కడ చెప్పను. ఒక్క దృశ్యం మాత్రం చెబుతాను. కూలిపోయిన ఇంటి ముందు ఒక తల్లి కూర్చుని, చనిపోయిన కూతురికి తల దువ్వుతూ ఉంటుంది. చిక్కు పడ్డచోట ఆగి, నొప్పి పుట్టకుండా కుదుళ్ళు పట్టుకుని, మెల్లగా విడదీస్తుంది. మాటల్లేవు, సంగీతం లేదు. దువ్వెన చప్పుడు ఒకటే వినిపిస్తుంది.

ఆ చప్పుడు మధ్య మా వెనక వరసలోంచి ఒకాయన, "ఇంకెంతసేపురా బాబూ ఈ దువ్వుడు" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నా పక్క సీటాయన ఫోను తీసి, ఆ వెలుగు నా మొహాన పడేలా పట్టుకుని, ఎవరికో మెసేజీ కొట్టుకుంటున్నాడు. అంతకుముందు బాంబులు పడి మనుషులు ఎగిరిపోతున్నప్పుడు ఇదే జనం ఈలలు వేశారు. ఆ తల్లి నోరు తెరిచి ఏడవబోతుండగా తెరమీద విశ్రాంతి అని పడింది. వెంటనే లైట్లు, ఆ వెంటనే నగల దుకాణం ప్రకటన. బయట వెన్న, మసాలా, కాలిన నూనె కలిసిన వాసన. పాప్‌కార్న్ కోసం బారులు తీరి నిలబడిన వాళ్ళలో ఒకాయన పక్కాయనతో అంటున్నాడు, "మనోళ్ళయితే ఈపాటికి ఫినిష్ చేసీదురు బావా." పక్కాయన ఒప్పుకుని, ఒక పెద్ద డబ్బా చాలదని ఇంకోటి చెప్పాడు.   నేను ఆ బారులకి దూరంగా వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను.

ఆట వదిలాక బస్టాపులో సాహితి అడిగింది, "ఎలా ఉంది అమ్మమ్మా? సౌండ్ ఎంత బాగా చేశారో చూశావా, ఆ దువ్వెన సీన్లో..."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సౌండా? కన్నతల్లి కూతురి శవానికి తల దువ్వుతుంటే నీకు సౌండ్ వినిపించిందా? సిగ్గుగా లేదూ?" అన్నాను. బస్టాపులో నలుగురూ తిరిగి చూశారు.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "అయితే ఏం చెయ్యాలి అమ్మమ్మా? ఏడవాలా? ఏడిస్తే ఏమవుతుంది?" అంది.  నేను వచ్చిన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మా అమ్మాయి ఆ పూట ములక్కాడ పులుసు పెట్టింది. కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా మింగలేక లేచిపోయాను. అందరికీ ఆ జనం మీద కోపమని చెప్పాను. కోపం నిజమే. కానీ ఆ హాల్లో వెనక నుంచి వచ్చిన నవ్వు విన్నప్పుడు, అది నాకు కొత్త కాదని తెలిసింది. యాభై ఏళ్ళ కిందట అటువంటి నవ్వే ఒకటి విన్నాను. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మేమప్పుడు పోర్టు పక్కన మల్కాపురంలో ఉండేవాళ్ళం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో క్రేను ఆపరేటరుగా వచ్చాడు. రెండు గదుల పెంకుటిల్లు. పొద్దున్నే రిఫైనరీ నుంచి వచ్చే కుళ్ళిన గుడ్డు లాంటి వాసనతో మెలకువ వచ్చేది. మా అమ్మ తడిబట్టలు ఆరేస్తే మధ్యాహ్నానికి వాటి మీద ఎర్రటి ఖనిజం దుమ్ము సన్నగా పేరుకునేది. దులిపినకొద్దీ మరక పాకేది. అమ్మ దాన్ని తిట్టుకుంటూనే నాన్న యూనిఫారానికి మళ్ళీ సబ్బు రాసేది. షిఫ్టు సైరను కూసేసరికి డబ్బాలో అన్నం, పప్పు, మాగాయ ముక్క సిద్ధంగా ఉండాలి. మా ఇంట్లో నీచు వండరు. అమ్మకి దాని వాసన కూడా సరిపడదు. అందుకని పక్కింటి వైపు ఉన్న కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది.

పక్కిల్లు నూకాలమ్మది. ఆమె భర్త సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరాలేదు. ఆమె వాకిట్లో తాటాకు చాపల మీద చేపలు ఎండబెట్టి, తట్టలో పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మేది. ఒక్కడే కొడుకు, అప్పలస్వామి. పద్దెనిమిదేళ్ళకే మిలిటరీలో చేరి లారీ డ్రైవరయ్యాడు. సరిహద్దులో యుద్ధం అయిపోయాక కొన్నాళ్ళకి వాళ్ళే ఇంటికి పంపించేశారు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. ఒంటిమీద గాయమన్నది లేదు. వచ్చిన మొదటిరోజు తల్లి వంజరం చేపల పులుసు పెట్టిందట. పళ్ళెం దగ్గరికి రాగానే పెరట్లోకి పరుగెత్తాడట. ఆనాటి నుంచి అతను ఆ ఇంట్లో తినలేకపోయాడు. చేపల వాసన తగిలితే చాలు, డోకు వచ్చేది. వీధిలో వాళ్ళకి ఇది పెద్ద వేడుకైపోయింది. "గంగమ్మ కడుపున పుట్టినోడికి సేపల వోసన పడదట" అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు.

చివరికి నూకాలమ్మే వచ్చి మా అమ్మని అడిగింది. "ఓలమ్మా, మీ ఇంట నీసుండదు కదా. మా వోడికి ఒక పూట కూడెట్టమ్మా. బియ్యం నానే ఇచ్చుకుంతాను." అమ్మ బియ్యం వద్దంది. అలా రోజూ మధ్యాహ్నం అప్పలస్వామి మా వీధరుగు మీద కూర్చుని తినేవాడు. ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేవాడు. కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కునేవాడు. అమ్మ చెంబు పట్టుకుని ఓపిగ్గా నీళ్ళు పోసేది. నాన్న చెప్పి పోర్టు గోడౌను గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇప్పించాడు. నేను అతన్ని మావయ్యా అని పిలిచేదాన్ని. ఏడో తరగతిలో ఉన్న నాకు మిలిటరీ మావయ్య ఉన్నాడని చెప్పుకోవడం చాలా గొప్ప. "ఎంతమందిని చంపావు మావయ్యా?" అని ఒకసారి అడిగాను. "నాను బండి తోల్నానమ్మా, అంతే" అన్నాడు.

ఆ రోజుల్లో యూనియన్ హాల్లో అప్పుడప్పుడూ ఆదివారం పొద్దున సినిమా వేసేవాళ్ళు. కాలేజీలో పనిచేసే ఒక లెక్చరరు, సన్నగా, గడ్డంతో ఉండేవాడు, ఎక్కడెక్కడి నుంచో రేకు పెట్టెల్లో రీళ్ళు తెప్పించేవాడు. కార్మికులు మంచి సినిమాలు చూడాలని ఆయన తాపత్రయం. యూనియన్ కమిటీలో ఉన్న మా నాన్నకి ఆయనంటే గౌరవం. ఒక శుక్రవారం నాన్న అరుగు మీద కూర్చుని, "ఒరే అప్పలస్వామీ, ఈసారి యుద్ధం సినిమా అట. యుద్ధం వద్దని చెప్పే సినిమా. నువ్వు రావాలిరా. అయిపోయాక నువ్వు చూసింది నాలుగు ముక్కలు చెబితే జనానికి ఎక్కుతుంది" అన్నాడు. అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "వొద్దు బాబూ. నాకేటొచ్చు సెప్పడం" అన్నాడు. నాన్న మళ్ళీ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టింది నేను. ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళి చెయ్యి పట్టుకు లాగాను. మా స్కూలు పిల్లలు చాలామంది వస్తున్నారు, నా పక్కన మిలిటరీ మావయ్య కూర్చోవాలి. రాకపోతే మాట్లాడనని చెప్పాను. నూకాలమ్మ కూడా, "ఎల్రా, గుంట అంతలాగ అడుగుతంది" అంది. అతను మిలిటరీ చొక్కా వేసుకోబోయి, మానేసి, మామూలు చొక్కాతోనే వచ్చాడు.

కిటికీలకి గోనెపట్టాలు కట్టి హాలు చీకటి చేశారు. గోడకి తెల్ల దుప్పటి తెర. బీడీ పొగ, చెమట, పట్టాల్లోంచి రాలే దుమ్ము. వెనక ప్రొజెక్టరు కుట్టుమిషన్లా టకటకలాడుతోంది. సినిమాలో మాటలు మాకెవరికీ అర్థం కాని భాషలో ఉన్నాయి. లెక్చరరు మొదట లేచి అర్థం చెప్పబోయాడు కానీ జనం గోలలో ఆ గొంతు వినిపించలేదు. భాష తెలియకపోతే తెరమీద మనుషులు బొమ్మల్లా కనిపిస్తారు. వాళ్ళు పరుగెత్తినా నవ్వే, పడినా నవ్వే. ఒకచోట కడుపులో గుండు తగిలిన సిపాయి ఒకడు బురదలో కూర్చుని, బయటికి వస్తున్న పేగుల మీంచి చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ప్రయత్నిస్తుంటాడు. ఒక గుండీ పెడతాడు, జారిపోతుంది. మళ్ళీ పెడతాడు. ఇంకెక్కడికో వెళ్ళాల్సిన పని ఉన్నట్టు, పెద్దమనిషిలా, శ్రద్ధగా. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. "పై గుండీ ముందెట్టుకోరా" అని ఒక గొంతు. హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. రెండు వరసల వెనక మా నాన్న నవ్వు వినిపించింది. ఆయన నవ్వు చివర చిన్న దగ్గు వస్తుంది, అందుకని ఎక్కడున్నా పోల్చుకోగలను.

నా పక్కన మావయ్య లేచాడు. బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ నేరుగా తెర దగ్గరికి వెళ్ళాడు. ఆ సిపాయి కడుపు ఉన్నచోట రెండు అరచేతులూ పెట్టి దుప్పటిని గట్టిగా అదిమాడు. బొమ్మంతా అతని వీపు మీద పడింది. సిపాయి వేళ్ళు అతని భుజాల మీద గుండీల కోసం వెతుక్కుంటున్నాయి. "కూకోరా! తెరకడ్డం! ఎవుడ్రా ఆడు?" అని అరుపులు. నవ్వు ఇంకా పెరిగింది. ఒకడు వేరుసెనగ తొక్కలు విసిరాడు. మావయ్య కదల్లేదు. ఇద్దరు వెళ్ళి రెక్కలు పట్టుకు లాగితే, దుప్పటి ఒక కొస ఊడి అతనితోపాటు వచ్చేసింది. హాలు మెట్ల మీద కూర్చుని అతను కక్కుకున్నాడు. ఒంట్లో ఏమీ మిగలని దాకా కక్కుకున్నాడు. లైట్లు వేశారు. లెక్చరరు కళ్ళనీళ్ళతో ఊగిపోతూ, "మీరు మనుషులేనా? చస్తున్నవాణ్ణి చూసి నవ్వుతారా? మీకు ఇలాంటివి చూపించడం నాదే తప్పు" అని అరిచాడు. అదే నోటితో, తెరకి అంటిన వేళ్ళ మరకలు చూసి, "పాడుచేశాడు వెధవ" అన్నాడు. మెట్ల మీద ఉన్న మనిషిని ఆయన చూడలేదు. ఆ రోజు అక్కడ ఎవరూ చూడలేదు. నాన్న ఒక చెంబు నీళ్ళు పంపించాడు గానీ, తను రాలేదు.

ఆ సాయంత్రం నూకాలమ్మ మా వాకిట్లో నిలబడింది. తట్ట నెత్తిమీదే ఉంది, దించలేదు. "మా వోడికి కూడెట్టినారు. మీ రునం ఉంచుకోను బాబూ, ఎప్పుడో తీరుస్తాను. గానీ అలాటి సినిమాకి ఎందుకు పిలిసినారు?" అంది.

"మంచి సినిమా అని పిలిచానమ్మా" అన్నాడు నాన్న.

"మంచి సినిమా అయితే మీరు నవ్వినారేటి?"

నాన్న నేల చూశాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఇద్దరి మొహాలూ చూసింది. నాన్న నవ్వాడన్న సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. నేను గదిలోకి వెళ్ళిపోయాను. మావయ్య మర్నాటి నుంచి అన్నానికి రాలేదు. అమ్మ వారం రోజులు అరుగు మీద చెంబు పెట్టి చూసింది, తరవాత తీసేసింది. ఆ వారమంతా ఆమె నాన్నతో ముక్తసరిగా మాట్లాడింది.

అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది. ఇన్నేళ్ళలో మా ఆయనకి కూడా చెప్పలేదు. సోమవారం స్కూల్లో ఆ సినిమాకి రానివాళ్ళ కోసం నేను ఆ కథంతా నటించి చూపించాను. సిపాయి గుండీలు పెట్టుకోవడం, మావయ్య వెళ్ళి దుప్పటి వాటేసుకోవడం, తొక్కలు పడటం. పిల్లలు పడీపడీ నవ్వారు. 'గుండీలసామి' అన్న పేరు పెట్టింది నేనే. రెండోరోజుకి అది వీధికి వచ్చింది, నాలుగో రోజుకి గోడౌను గేటుకి చేరింది. లోపలికి వెళ్ళే కూలీలు అతని ముందు ఆగి, చొక్కా గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకుని, సెల్యూట్ చేసి వెళ్ళేవాళ్ళట. నెల తిరక్కుండా అతను పని మానేసి పారాదీప్ రేవుకి వెళ్ళిపోయాడు, అక్కడ లారీ తోలుకుంటున్నాడని విన్నాం. తరవాత నాన్నకి క్వార్టర్సు వచ్చింది, మేం వీధి మారాం. కిటికీ తెరుచుకునే ఇల్లు దొరికిందని అమ్మ సంబరపడింది. నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, తరగతి గదుల్లో జాలి, దయ, కరుణ అనే మాటలకి అర్థాలు రాయించాను.

ఆ హాలుకీ ఈ మాల్‌కీ తేడా ఏమిటని ఆ వారమంతా ఆలోచించాను. మాకు భాష తెలియదని సర్దిచెప్పుకోవచ్చు. ఇప్పుడు తెరమీద ప్రతి మాటా కింద రాసి చూపిస్తున్నారు. మేం బెంచీల మీద కిక్కిరిసి కూర్చున్నాం, వీళ్ళు కాళ్ళు చాపుకునే కుర్చీల్లో కూర్చుంటున్నారు. ఇంతకు మించి తేడా నాకు దొరకలేదు. మా కాలంలో మనుషులు మంచివాళ్ళని చెప్పుకునే నా వయసు వాళ్ళని చూస్తే నాకిప్పుడు రోత పుడుతుంది. బస్టాపులో మనవరాలి మీద అరిచిన నన్ను తలుచుకున్నా అంతే.

తరవాతి ఆదివారం సాహితిని వెంటబెట్టుకుని మల్కాపురం వెళ్ళాను. వెళ్ళే ముందు దానికి అంతా చెప్పాను, పేరు పెట్టిన సంగతితో సహా.  పాత వీధిలో డాబాలు లేచాయి గానీ అడిగితే వెంటనే చూపించారు. అప్పలస్వామి మావయ్య ఎప్పుడో తిరిగి వచ్చేశాడు, చిన్నకొడుకు దగ్గర ఉంటున్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కోడలు నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసింది. నాన్న పేరు చెబితే గుర్తుపట్టాడు. "అమ్మగోరు పోనారా? ఆ తల్లి సేతి కూడు ఇప్పుడికీ గురుతే" అన్నాడు.

ముందుకు వంగి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. వారం రోజులుగా కూడదీసుకున్న మాటలన్నీ చెప్పాను. హాల్లో నవ్వాననీ, స్కూల్లో నటించి చూపించాననీ, ఆ పేరు నాదేననీ. ఏడ్చాను కూడా. ఏడుస్తుంటే నాకు తేలిగ్గా ఉందని దాచుకోకుండా ఒప్పుకుంటాను.

ఆయన అంతా విన్నాడు. "నవ్వినారని నాకు కోపం నేదమ్మా" అన్నాడు. "మేవూ నవ్వినాం."

"ఎక్కడ మావయ్యా?"

"అక్కడే, బోర్డర్ల. నాను లారీ తోల్తన్నాను. ఎనకాల మావోల్లు పదిమంది కూకున్నారు. రోడ్డోర గోతిల ఒకడున్నాడు. ఎవుడి మనిషో తెల్దు, బట్టలన్నీ బురదే. కడుపు సిరిగిపోనాది. ఆడు తువ్వాలు సుట్టుకుంతన్నాడు కడుపుకి. సుడితే జారిపోతంది, మల్లీ సుడతన్నాడు. మావోడొకడు అరిసినాడు, 'పెల్లికెల్తన్నావేట్రా, తయారవుతన్నావు?' అని. అందరం నవ్వినాం. నానూ నవ్వినాను. అంతలాగ నాను ఇంట కూడా ఎప్పుడూ నవ్వనేదు."

కోడలు టీ తెచ్చి నా చేతికి ఇవ్వబోయింది. నా చెయ్యి ఇంకా ఆయన మోకాలి మీద ఉంది. ఆ చేతిని వెనక్కి తీసుకున్నాను. టీ కోసం తీసినట్టే తీసుకున్నాను గానీ, నిజం అది కాదు.  ఈయన దగ్గరికి క్షమించమని అడగడానికి వచ్చినదాన్ని. నవ్విన మనిషిని తాకలేకపోయాను.

సాహితి కుర్చీ వెనక నుంచి వచ్చి చాప మీద, ఆయనకి ఎదురుగా కూర్చుంది. "తాతా, మరి ఆ గోతిలో ఆయన ఏమయ్యాడు?" అని అడిగింది.

ఆయన దాని మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరనుకుంటాను.

"ఏటయ్యాడో నాకేటి తెలుస్తాదమ్మా" అన్నాడు. "నాను బండి ఆపనేదు."